క్యాథలిక్ రాజకీయ ఆలోచన: లెఫ్టా, రైటా, రెండూ కాదా?

#1 పుస్తకపురుగు
అందరికీ నమస్కారం. నేను క్రైస్తవుణ్ణి కాను, రాజనీతి శాస్త్రం చదువుతున్నాను. ఒక విషయం ఎంతకీ కొరుకుడు పడటం లేదు. క్యాథలిక్ ఆలోచనాపరుల్లో ఒకాయన కార్మిక సంఘాల పక్షం, ఇంకొకాయన రాజరికం పక్షం. ఒకరు మార్కెట్ అంటారు, ఒకరు భూమి పంచమంటారు. రాజ్యానికి మతం ఉండాల్సిందే అని కొందరు, ఉండనే కూడదని కొందరు. అందరూ కోట్ చేసేది మాత్రం అవే పోపుల లేఖలు! అబార్షన్‌నీ మరణశిక్షనీ రెండింటినీ వద్దనేవాళ్లని ఏ గాటన కట్టాలి? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి. తిట్టుకోకుండా.

#2 హేతువాది77
సింపుల్ అండీ. గద్దె మీద ఎవరుంటే వాళ్ల పక్షం. రాజుంటే రాజు, నియంతుంటే నియంత, ఎన్నికలొస్తే ప్రజాస్వామ్యం. ఇన్ని శతాబ్దాలు నిలబడటం వెనక రహస్యం అదే.

#3 ఉపదేశి
హేతువాది గారూ, మీ మాటని అంత తేలిగ్గా కొట్టిపారేయను. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

పురుగు గారూ (పేరు మీరే పెట్టుకున్నారు, నన్ననకండి), దీన్ని ఒక పార్టీ మేనిఫెస్టోలా చదివితే తల తిరుగుతుంది. ఇదొక పాత తగవు. 494లో గెలాసియుస్ పోపుగారు కాన్‌స్టాంటినోపుల్‌లోని అనస్తాసియుస్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశారు. ఈ లోకాన్ని ఏలేవి రెండు: గురువుల (చర్చి ఫాదర్ల) పవిత్ర అధికారం ఒకటి, రాజుల అధికారం ఒకటి. లౌకిక చట్టాల్లో పీఠాధిపతులు (బిషప్పులు) కూడా చక్రవర్తికి లోబడతారు. దేవుడి విషయాల్లో చక్రవర్తే వాళ్ల ముందు తల వంచాలి. చక్రవర్తి మాటే మతంలో కూడా చెల్లాలనుకునే రోజుల్లో ఇది చిన్న మాట కాదు.

ఆ తర్వాత వందల ఏళ్లపాటు జరిగిందంతా ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న పేచీయే. 1077లో 4వ హెన్రీ చక్రవర్తి కానోస్సా కోట బయట చలిలో పోపు క్షమాపణ కోసం నిలబడ్డాడు. 1303లో సీను తిరగబడింది. ఫ్రాన్స్ రాజు మనుషులు అనాన్యిలో 8వ బోనిఫేస్ పోపునే బంధించారు.

మధ్యలో 13వ శతాబ్దపు పండితుడు థామస్ అక్వినాస్ వచ్చి చాలా సామాను సర్ది పెట్టాడు. చట్టమంటే పాలకుడి ఇష్టం కాదు, అందరి మేలు కోసం బుద్ధి చేసే ఏర్పాటు. అన్యాయమైన చట్టం మనస్సాక్షిని కట్టిపడేయలేదు. రాజు, పెద్దలు, ప్రజల ఎన్నిక మూడూ కలిసిన మిశ్రమ పాలన మంచిదని కూడా ఆయనే అన్నాడు. రాజరికం వాళ్లూ, ప్రజాస్వామ్యం వాళ్లూ ఇద్దరూ ఆయన్నే పట్టుకుని వేలాడటానికి కారణం ఇదే.

ఇక గాటన కట్టే సంగతి. కట్టకండి. మరణశిక్ష మీద సత్యోపదేశాన్ని (చర్చి అధికారిక బోధల పుస్తకాన్ని) 2018లో ఫ్రాన్సిస్ పోపుగారు మార్చారు, ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోలేమని. దానికీ అబార్షన్ వద్దనడానికీ ఆధారం ఒకటే: మనిషి ప్రాణం గౌరవం. పార్టీలు ఆ రెంటినీ చెరో పక్కకి లాగేసుకున్నాయి. అది పార్టీల ఇబ్బంది.

#4 పుస్తకపురుగు
థాంక్స్ అండీ. మరి ఇన్ని పాయలుగా ఎప్పుడు చీలింది?

#5 పాత_లాయరు
1789 తర్వాత. అంతకు ముందు కూడా తేడాలున్నాయి. స్పెయిన్‌లో సాలమాంకా పండితుడు విటోరియా, అమెరికా ఖండపు స్థానిక ప్రజలకి తమ భూములపై నిజమైన హక్కుందని 1539లోనే పాఠం చెప్పాడు. కానీ ఈనాటి పాయలన్నీ ఫ్రెంచి విప్లవానికి ఇచ్చిన జవాబులే.

ఒక జవాబు జోసెఫ్ ద మేస్త్ర్‌ది. విప్లవం దేవుడు వేసిన శిక్ష. సింహాసనం, బలిపీఠం రెండూ కలిసి నిలబడితేనే లోకం నిలుస్తుంది. దీన్నుంచి రాజరికవాదులు వచ్చారు.

రెండో జవాబు చెప్పినవాడు లామెనే అనే ఫ్రెంచి గురువు. తమాషా ఏంటంటే ఆయన కూడా మొదట్లో ఆ గుంపులోవాడే, పోపు అధికారానికి వీరాభిమాని. తర్వాత ఆయనకి ఒక అనుమానం పట్టుకుంది: రాజులు శ్రీసభని (క్యాథలిక్ చర్చిని) కాపాడటం లేదు, ఉద్యోగిని చేసుకుని గొంతు నొక్కుతున్నారు. 1830 అక్టోబరులో 'లావెనీర్' అనే పత్రిక పెట్టాడు. దాని నినాదం 'దేవుడు, స్వేచ్ఛ'. పత్రికా స్వేచ్ఛ, మత స్వేచ్ఛ, బడులు పెట్టుకునే స్వేచ్ఛ, రాజ్యం నుంచి శ్రీసభ విడిపోవడం. అక్కడితో ఆగలేదు, గురువులు ప్రభుత్వం ఇచ్చే జీతాలు వదులుకోవాలన్నాడు! ఫ్రాన్స్ పీఠాధిపతులకి ఇది ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పత్రిక ఆపేసి, పోపుకే చెప్పుకుందామని లామెనే, లాకోర్డేర్, మోంతలాంబేర్ ముగ్గురూ రోముకి వెళ్లారు. 1832 మార్చిలో 16వ గ్రెగరీ పోపు వాళ్లకి దర్శనం ఇచ్చాడు గానీ అసలు విషయం ఎత్తనే లేదు. తిరుగు దారిలో మ్యూనిక్‌లో లామెనే గౌరవార్థం విందు జరుగుతుండగా ఆయన చేతికి ఒక లేఖ అందింది. అందులో పేరు పెట్టి తిట్టలేదు గానీ, అందరికీ మనస్సాక్షి స్వేచ్ఛ ఉండాలనడం పిచ్చితనం అని రాసి ఉంది. లామెనే మొదట తలవంచాడు, తర్వాత శ్రీసభనే వదిలేశాడు. మిగతా ఇద్దరూ ఉండిపోయారు. ఉదారవాద క్యాథలిక్ పాయ వాళ్లతోనే బతికింది.

#6 పుస్తకపురుగు
ఆగండాగండి. పోపుని అందరికన్నా ఎక్కువ నమ్మినవాడే స్వేచ్ఛ అడిగాడా?

#7 పాత_లాయరు
అవును. రాజు చేతిలోంచి శ్రీసభని విడిపించాలంటే రోము ఒక్కటే దిక్కు అనుకున్నాడు. ఈ చరిత్రలో ఎవరు ఎటువైపు తేలతారో చెప్పలేం.

#8 లాటిన్‌పూజ
లాయరు గారు కథ బాగా చెప్పారు గానీ, విన్నవాళ్లకి లామెనే హీరో, పోపు విలన్ అనిపించేలా చెప్పారు. విప్లవ ప్రభుత్వం 1790లో గురువుల వ్యవస్థని మొత్తం తన శాఖగా మార్చుకుంది, ప్రమాణం చేయనివాళ్లని వెంటాడింది. 'స్వేచ్ఛ' అనే జెండా కిందే మఠాలు మూతపడ్డాయి. అది కళ్లారా చూసిన రోము ఆ మాటని అనుమానించకుండా ఎలా ఉంటుంది?

సంప్రదాయ బోధ చాలా తేటగా ఉంటుంది. మనిషి ఒక్కడే కాదు, సమాజం కూడా దేవుడికి రుణపడి ఉంది. రాజ్యం 'నాకు సత్యంతో సంబంధం లేదు' అనడం తటస్థత కాదు, అదీ ఒక మత సిద్ధాంతమే. 1864 డిసెంబరు 8న 9వ పియుస్ పోపుగారు ఇచ్చిన 80 తప్పుల జాబితాలో 55వది రాజ్యం, శ్రీసభ విడిపోవాలనే వాదన, 77వది క్యాథలిక్ మతం ఇక ఏకైక రాజమతంగా ఉండనక్కర్లేదనే వాదన. 13వ లియో పోపుగారు 1885లో మళ్లీ అదే చెప్పారు. 1925లో 11వ పియుస్ పోపుగారు క్రీస్తురాజు పండుగ స్థాపించింది కూడా రాజ్యాలకి ఇది గుర్తు చేయడానికే. మమ్మల్ని ఇప్పుడు 'ఇంటెగ్రలిస్టులు' అంటున్నారు. ఇందులో మేం కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు.

#9 ఎర్రమందారం
పోపులు, రాజులు, చక్రవర్తులు... తొమ్మిది పోస్టులకి ఇంకా ఒక్క కూలివాడు కూడా రాలేదు ఈ చర్చలోకి :)

19వ శతాబ్దంలో చాలామంది క్యాథలిక్కులు పడ్డ టెన్షన్ రాజ్యాంగం గురించి కాదు, ఫ్యాక్టరీ గురించి. జర్మనీలో, తర్వాత మైన్జ్ పీఠాధిపతి అయిన కెట్లర్ 1848 నుంచే కార్మికుల గురించి ప్రసంగాలు ఇస్తున్నాడు. 1891 మే 15న లియో లేఖ 'రేరుమ్ నొవారుమ్' వచ్చింది. ఆస్తి హక్కు సహజమే అంటుంది, సోషలిజం వద్దంటుంది, నిజమే. కానీ అందులో ఒక మాట చూడండి: యజమానీ కూలీ ఇష్టపడి కుదుర్చుకున్న ఒప్పందమైనా సరే, పొదుపుగా బతికే కూలివాడి పొట్టకి చాలనంత తక్కువ కూలి అయితే అది అన్యాయమే. గతిలేక ఒప్పుకున్నవాడు బలవంతానికి గురైనవాడే. 'ఇద్దరూ సంతకం పెట్టారుగా, ఇంకేంటి' అనే ఆ కాలపు ఆర్థికశాస్త్రం మొత్తాన్నీ ఒక్క పేరాలో పక్కన పెట్టేశాడాయన.

అక్కడినుంచి దారి లాటిన్ అమెరికా దాకా వెళ్లింది. 1968లో కొలంబియాలోని మెదెయీన్‌లో పీఠాధిపతులు పేదరికాన్ని తలరాత అనలేదు, వ్యవస్థలోనే ఉన్న హింస అన్నారు. 1971లో పెరూ గురువు గుస్తావో గుతియేరెస్ విమోచన వేదాంతానికి (లిబరేషన్ థియాలజీ, పేదల విముక్తి కోణంలోంచి క్రైస్తవ బోధని చదవడం) రూపం ఇచ్చాడు. ఎల్ సాల్వదోర్‌లో ఆస్కార్ రొమేరో అగ్రపీఠాధిపతిని 1980 మార్చి 24న పూజ చేస్తుండగానే కాల్చి చంపారు. 2018లో శ్రీసభ ఆయన్ని పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించింది.

#10 మార్కెట్‌బాబు
మేడమ్, 1984లో వాటికన్ విమోచన వేదాంతానికి మొట్టికాయ వేసిన సంగతి చెప్పలేదేం? మార్క్స్‌ని గుడ్డిగా అరువు తెచ్చుకోవద్దని కార్డినల్ రాట్జింగర్ సంతకంతో పత్రమే వచ్చింది. 1991లో 2వ జాన్ పాల్ పోపు లేఖలో 42వ పేరా చదవండి. కమ్యూనిజం కూలిపోయాక పెట్టుబడిదారీ విధానమే దారా అని అడిగి, వ్యాపారం, మార్కెట్, ప్రైవేటు ఆస్తి, మనిషి సృజన వీటి మంచి పాత్రని గుర్తించే వ్యవస్థ అయితే 'అవును' అన్నాడు. అమెరికా క్యాథలిక్ రచయిత మైకేల్ నోవాక్ లాంటివాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నది ఇదే.

#11 ఎర్రమందారం
బాబు గారూ, 42వ పేరాలో 'అవును' తర్వాత ఇంకో వాక్యం ఉంది. ఆర్థిక స్వేచ్ఛని గట్టి చట్టాల చట్రంలో పెట్టకపోతే, మనిషి మొత్తం స్వేచ్ఛకి అది సేవ చేయకపోతే, జవాబు 'కాదు'. మీరు సగం పేరా దగ్గర ఫుల్‌స్టాప్ పెట్టేశారు. రెండో సగం దగ్గర మొదలుపెట్టేవాళ్లు మా వైపు కూడా ఉన్నారు లెండి.

1984 పత్రం ఉంది, కాదనను. దాని తర్వాత 1986లో ఇంకో పత్రం వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అదే పోపు బ్రెజిల్ పీఠాధిపతులకి రాస్తూ విమోచన వేదాంతం ఈ కాలానికి తగినదే కాదు, ఉపయోగకరం, అవసరం కూడా అన్నాడు. ఆస్తి మీద సామాజిక తనఖా ఉంటుందని 1979లో మెక్సికోలోని ప్యూబ్లా సభలో అన్నదీ ఆయనే. ప్రాణం మీదికొచ్చిన అవసరంలో ఇంకొకరి సొత్తు తీసుకోవడం దొంగతనం కాదని అక్వినాస్ 13వ శతాబ్దంలోనే రాశాడు. ఆయన కమ్యూనిస్టు కాదు కదా!

#12 మార్కెట్‌బాబు
తనఖా ఉందంటే ఆస్తి యజమానిదే అని అర్థం కదండీ. బ్యాంకుది కాదుగా :)

#13 మోడరేటర్
ఆస్తి చర్చ బాగుంది గానీ ఇలాగే సాగితే బ్యాంకు లోన్ల దాకా పోతుంది. కావాలంటే వేరే టాపిక్ తెరవండి. ఇక్కడ రాజ్యం, మతం, పాలన.

#14 పాత_లాయరు
లాటిన్‌పూజ గారూ, మీ 8వ పోస్టుకి జవాబు బాకీ ఉన్నాను.

మీరు 1864, 1885, 1925 చెప్పి 1965 ముందు ఆగిపోయారు. ప్రపంచ పీఠాధిపతులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ చివర్లో, 1965 డిసెంబరు 7న, మత స్వేచ్ఛ మీద ప్రకటన ఆమోదం పొందింది. అనుకూలం 2308, వ్యతిరేకం 70. మతం విషయంలో ఏ వ్యక్తీ, ఏ గుంపూ, ఏ అధికారమూ ఎవరినీ బలవంతం చేయకూడదనీ, ఈ హక్కు మనిషి గౌరవంలోంచే వస్తుందనీ, సత్యాన్ని వెతకనివాళ్లకి కూడా అది పోదనీ అందులో ఉంది. 'తప్పుకి హక్కుల్లేవు' అనే పాత మాటకి అక్కడ జవాబు దొరికింది. హక్కులుండేది మనుషులకి. తప్పులకీ ఒప్పులకీ కాదు.

దీని వెనకున్న అమెరికా జెస్విట్ (యేసు సభ గురువు) జాన్ కోర్ట్నీ ముర్రే సంగతి చూడండి. 1950ల మధ్యలో రాజ్యం-శ్రీసభ మీద ఇక రాయవద్దని పైనుంచి ఆదేశం వచ్చింది. రాయడం మానేశాడు. మహాసభ మొదటి సమావేశానికి ఆయనకి పిలుపే లేదు. 1963లో న్యూయార్క్ కార్డినల్ స్పెల్‌మన్ ఆయన్ని నిపుణుడిగా తీసుకెళ్లాడు. స్పెల్‌మన్ ఉదారవాది అని ఎవరూ అనరు. ఆయన లెక్క వేరు: అమెరికా రాజ్యాంగం కింద అమెరికా క్యాథలిక్కులు బాగానే బతుకుతున్నారు, దాన్ని తప్పనడం ఎందుకు? కమ్యూనిస్టు పాలన కింద నలిగిన పోలండు పీఠాధిపతులు కూడా ఈ ప్రకటన కావాలన్నారు. అనుభవం సిద్ధాంతాన్ని ఎలా కదిలిస్తుందో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

#15 లాటిన్‌పూజ
లాయరు గారూ, ఆ ప్రకటన మొదటి పేరా మీరు దాటేశారు. నిజమైన మతం పట్లా క్రీస్తు శ్రీసభ పట్లా మనుషులకీ *సమాజాలకీ* ఉన్న నైతిక బాధ్యత గురించిన సంప్రదాయ బోధని ఇది ముట్టుకోవడం లేదని స్పష్టంగా రాసి ఉంది. ఆ వాక్యం ఊరికే పెట్టలేదు, ఓట్లు రావడానికి పెట్టారు. పెట్టాక అది పత్రంలో భాగమే.

మాలోనూ అందరం ఒకటి కాదు. లెఫెవ్ర్ అగ్రపీఠాధిపతి ఈ ప్రకటన పాత బోధకి విరుద్ధమని, అంగీకరించనని అన్నారు. బ్రిటిష్ తత్వవేత్త థామస్ పింక్ అలా అనరు. రాజ్యం తన సొంత అధికారంతో మతంలో బలవంతం చేయకూడదని మాత్రమే ప్రకటన చెప్తుంది. పూర్వం రాజులు చేసింది శ్రీసభ తరఫున, శ్రీసభ అధికారంతో. ఆ విషయాన్ని ప్రకటన తాకలేదు అంటారు. హార్వర్డ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు ఏడ్రియన్ వెర్మ్యూల్ ఇంకో దారి. ఆయన దృష్టి రాజ్యాంగ వ్యాఖ్యానం మీద: చట్టం తటస్థం కాదు, ఉమ్మడి మేలు వైపు నడపాలి. వీళ్లందరినీ ఒకే బుట్టలో వేసి 'మధ్యయుగం వాళ్లు' అంటే సరిపోదు.

#16 పాత_లాయరు
పింక్ వాదన తెలివైనదే, ఒప్పుకుంటాను. కోర్టులో వినిపిస్తే జడ్జి కాసేపు ఆలోచిస్తాడు. కానీ ప్రకటన వచ్చాక ఏం జరిగిందో కూడా సాక్ష్యమే కదా. స్పెయిన్ 1953లో రోముతో చేసుకున్న ఒప్పందంలో క్యాథలిక్ మతం ఆ దేశపు ఏకైక మతం అని ఉంది. మహాసభ ముగిసిన రెండేళ్లలోపే, 1967లో, ఫ్రాంకో ప్రభుత్వం తన మౌలిక చట్టాన్ని సవరించి మత స్వేచ్ఛ చట్టం తెచ్చింది. ఇటలీతో ఒప్పందాన్ని 1984లో తిరగరాసినప్పుడు ఏకైక రాజమతం అనే మాట వాటికన్ సంతకంతోనే పోయింది. పాత బోధ మొత్తం చెక్కుచెదరకుండా ఉంటే ఇవన్నీ ఎందుకు?

నాకు కనపడేది ఇదీ: ఆర్థిక విషయాల్లో క్యాథలిక్కుల మధ్య గొడవ మోతాదుల గొడవ, ఎంత మార్కెట్, ఎంత ప్రభుత్వం అని. అసలు పగులు 1864నీ 1965నీ పక్కపక్కన పెట్టి ఎలా చదువుతాం అన్న చోట ఉంది. రెండూ నిలుస్తాయి అనేవాళ్లు, మొదటిది కాలం చెల్లింది అనేవాళ్లు, రెండోది పొరపాటు అనేవాళ్లు. ఒక మనిషి ఈ మూడింట్లో ఎక్కడున్నాడో చెప్పండి, అతని మిగతా రాజకీయం చాలావరకు ఊహించవచ్చు. లెఫ్ట్, రైట్ అని అడిగితే ఏమీ తెలియదు.

#17 హేతువాది77
పత్రాల పంచాయితీ బాగుంది. నా 2వ పోస్టు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 1933 మార్చి 23న హిట్లర్‌కి సర్వాధికారాలిచ్చే చట్టానికి జర్మన్ క్యాథలిక్ పార్టీ 'సెంట్రుమ్' ఓటేసిందా లేదా? వ్యతిరేకంగా ఓటేసిన 94 మందీ సోషల్ డెమోక్రాట్లే. మార్చి 28న పీఠాధిపతులు నాజీ పార్టీపై తమ నిషేధాలు ఎత్తేశారు. జులై 5న సెంట్రుమ్ తనని తాను రద్దు చేసుకుంది, జులై 20న వాటికన్ ఒప్పందం మీద సంతకం పెట్టింది. 1934లో ఆస్ట్రియాలో డాల్ఫస్ పార్లమెంటుని మూలన పడేసి పోపు లేఖ పేరు చెప్పుకుని రాజ్యాంగం రాశాడు. పోర్చుగల్‌లో నియంత సలజార్. చెప్పండి ఇక.

#18 పాత_లాయరు
తేదీలన్నీ సరైనవే. ఈ ప్రశ్న మీకన్నా గట్టిగా అడిగినవాడు ఒక క్యాథలిక్కే. ఎర్న్‌స్ట్-వోల్ఫ్‌గాంగ్ బోకెన్‌ఫోర్డ, జర్మన్ న్యాయశాస్త్రవేత్త, తర్వాత రాజ్యాంగ న్యాయస్థానంలో జడ్జి. 1961లో 'హోఖ్‌లాండ్' అనే క్యాథలిక్ పత్రికలో 1933 మీద వ్యాసం రాశాడు. అప్పటికి అక్కడ నడుస్తున్న కథ వేరు: నాజీలని శ్రీసభ ఎదిరించింది, అంతే. ఈయన ఆ నెలల ప్రకటనలు, ప్రసంగాలు తవ్వి తీసి ముందు పెట్టాడు. పెద్ద దుమారమే రేగింది.

ఆయన చెప్పిన కారణం వింటే హేతువాది గారి 'గద్దె' సిద్ధాంతం చాలదని తెలుస్తుంది. వాళ్లు అవకాశవాదులు కావడం కాదు సమస్య, సిద్ధాంతాన్ని పాటించడమే సమస్య. 13వ లియో నుంచీ బోధ ఏంటంటే, ఏ పాలనా రూపమైనా ఫర్వాలేదు, ఉమ్మడి మేలు చేస్తే చాలు. 1892లో ఫ్రెంచి క్యాథలిక్కులని రిపబ్లిక్‌తో రాజీపడమని ఆయన చెప్పగలిగింది కూడా ఈ బోధ వల్లే. అప్పుడది ఉదారంగా కనిపించింది. 1933లో అదే బోధతో లెక్క వేశారు: మా బడులు ఉంటాయా? ఉంటాయన్నాడు హిట్లర్. మతానికి రక్షణ ఉందా? ఉందన్నాడు. కమ్యూనిస్టులని అణుస్తాడా? అణుస్తాడు. మరి అభ్యంతరం ఏముంది? వాక్ స్వేచ్ఛ, ఎన్నికలు, ప్రతిపక్షం ఆ జాబితాలో లేవు. పాలనా రూపం కూడా నైతిక విషయమేనని వాళ్లకి సిద్ధాంతం నేర్పలేదు.

#19 ఉపదేశి
లాయరు గారి మాట చేదుగా ఉన్నా మింగాల్సిందే. ఇంకో పక్క కూడా ఉందని మాత్రం గుర్తు చేస్తాను. 1937లో 11వ పియుస్ పోపుగారి లేఖని జర్మనీలోకి రహస్యంగా చేరవేసి, మట్టల ఆదివారం (ఈస్టర్‌కి ముందు ఆదివారం) గుడుల్లో పీఠం మీదనుంచి చదివారు. మొదటి వాక్యంలోనే 'మండుతున్న ఆందోళనతో' అని ఉంటుంది.

ఇటలీ సంగతి నాకు ఇంకా ముఖ్యం. డాన్ లుయీజి స్టుర్జో అనే సిసిలీ గురువు 1919 జనవరిలో పాపులర్ పార్టీ పెట్టారు. క్యాథలిక్కుల ప్రేరణతో నడిచేదే గానీ శ్రీసభ పార్టీ కాదు, ఆ తేడా మీద ఆయన మొండిగా నిలబడ్డారు. ముస్సోలినీకి అడ్డొచ్చారు. వాటికన్‌కి ముస్సోలినీతో బేరం కుదరాల్సి ఉంది కాబట్టి స్టుర్జో గారే అడ్డయ్యారు. 1924లో లండన్ వెళ్లిపోయారు. ఆ పార్టీ చివరి కార్యదర్శి అల్చీదే దె గాస్పెరిని ఫాసిస్టులు జైల్లో పెట్టారు. బయటికొచ్చాక ఏ ఉద్యోగమూ దొరక్క వాటికన్ గ్రంథాలయంలో ఉద్యోగి అయ్యాడు. 1945 నుంచి 1953 దాకా ఇటలీ ప్రధాని ఆయనే.

అంటే క్రైస్తవ ప్రజాస్వామ్యం పోపుల లేఖల్లోంచి నేరుగా దిగిరాలేదు. దెబ్బలు తిన్న విశ్వాసులు కట్టుకున్నారు, రోము తర్వాత ఒప్పుకుంది. 12వ పియుస్ పోపుగారు ప్రజాస్వామ్యం గురించి మెచ్చుకోలుగా మాట్లాడింది 1944 క్రిస్మస్ సందేశంలో. జాక్ మారిటేన్ లాంటి తత్వవేత్త అంతకు ముందే దారి వేసి పెట్టాడు. జర్మనీ నాయకుడు అడెనావర్, ఫ్రాన్స్ నాయకుడు షూమన్, దె గాస్పెరి ముగ్గురూ కలిసి యూరప్‌ని కుదురుకునేలా చేశారు. 11వ పియుస్ పోపుగారి 1931 లేఖలో ఒక సూత్రం ఉంది, కింది సంస్థ చేసుకోగలిగిన పనిని పైసంస్థ లాక్కోవడం అన్యాయం అని. యూరప్ దేశాల 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంలో అది చట్టమై కూర్చుంది. అదే లేఖని డాల్ఫస్ కూడా వాడుకున్నాడు, నిజమే. రాసిపెట్టిన జెస్విట్ నెల్-బ్రోయినింగ్ మాత్రం యుద్ధం తర్వాత జర్మన్ కార్మిక సంఘాలకి సలహాదారుగా బతికాడు.

#20 లాటిన్‌పూజ
బోకెన్‌ఫోర్డ పేరు ఎత్తారు కాబట్టి ఆయన ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. స్వేచ్ఛాయుతమైన లౌకిక రాజ్యం తాను హామీ ఇవ్వలేని పునాదుల మీద బతుకుతుందని 1960లలో అన్నాడు. మేం చెప్తున్నది అదేనండీ! ఉదారవాద రాజ్యం తాను కట్టని గోడలకి ఆనుకుని నిలబడింది. ఆ గోడలు ఇప్పుడు పడిపోతున్నాయి. మరి కట్టేదెవరు?

#21 పాత_లాయరు
ఆ మాటలో రెండో భాగం ఉంది, అందరూ వదిలేసేది. అది స్వేచ్ఛ కోసం రాజ్యం ఆడే పెద్ద జూదం అన్నాడు. ఆ పునాదులని చట్టం బలంతో, ఆజ్ఞలతో కట్టబోతే రాజ్యం తన స్వేచ్ఛనే వదులుకున్నట్టు, ఏ మత యుద్ధాల్లోంచి బయటపడిందో మళ్లీ అక్కడికే పోయినట్టు అన్నాడు. పునాదులు కట్టాల్సింది విశ్వాసులే, పౌరులుగా. ఆయన జీవితాంతం క్యాథలిక్, సోషల్ డెమోక్రాట్ పార్టీ సభ్యుడు కూడా. మీ ప్రశ్న న్యాయమైనదే. ఆయన జవాబు మాత్రం మీ జవాబు కాదు.

#22 లాటిన్‌పూజ
జూదంలో ఓడిపోతే?

#23 పాత_లాయరు
ఓడిపోతాం. గెలుపు ఖాయమైన ఆట ఎవరైనా చూపిస్తే, నేను ముందు అడిగేది ఆ ఆటలో పోలీసు ఎవరు అని.

#24 హేతువాది77
ఈ థ్రెడ్‌లో మొదటిసారి ఒక విశ్వాసి మాటకి లైక్ కొట్టాను. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

#25 పుస్తకపురుగు
అందరికీ ధన్యవాదాలు. రెండు చిన్న ప్రశ్నలు. ఒకటి, అమెరికా క్యాథలిక్ ఉద్యమకారిణి డొరతీ డే ఏ పాయలోకి వస్తుంది? రెండు, నేను ఏ వరుసలో చదవాలి?

#26 ఎర్రమందారం
డొరతీ డే ఏ పాయలోనూ ఇమడదు. 1933 మే డే నాడు న్యూయార్క్ యూనియన్ స్క్వేర్‌లో, కమ్యూనిస్టుల ర్యాలీ మధ్యలో, పీటర్ మోరిన్‌తో కలిసి పెట్టిన 'క్యాథలిక్ వర్కర్' పత్రికని ఒక్క సెంటుకి అమ్మించింది. 1917లో స్త్రీల ఓటు హక్కు కోసం జైలుకెళ్లింది, హక్కు వచ్చాక ఓటు వేయనేలేదు. రాజ్యం మీద నమ్మకం లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో కూడా యుద్ధం వద్దంది, దాంతో పత్రిక చందాదారులు కుప్పలుగా పోయారు. పూజ, జపమాల విషయంలో మాత్రం మన లాటిన్‌పూజ గారికి ఏమాత్రం తీసిపోదు.

#27 ఉపదేశి
వరుస: ముందు 1891 లేఖ. తర్వాత 1931 లేఖలో 79వ పేరా చుట్టుపక్కల. ఆ తర్వాత 1965 ప్రకటన, చిన్నదే, ఒక పూటలో అయిపోతుంది. 1991 లేఖ, 42వ పేరా *మొత్తం*, 46వ పేరా కూడా. ప్రజాస్వామ్యం గురించి అంత సూటిగా మరెక్కడా లేదు. ఇప్పటి పోపుగారు 2025 మేలో 14వ లియో అనే పేరు ఎందుకు పెట్టుకున్నానో కార్డినళ్లకి చెప్తూ, 1891 లేఖనీ, కృత్రిమ మేధ వల్ల కార్మికులకి వస్తున్న కొత్త సమస్యలనీ కలిపి మాట్లాడారు. కాబట్టి మొదటిది పాతదని వదిలేయకండి. 1864 జాబితా చివర్లో చదవండి.

#28 లాటిన్‌పూజ
ముందు చదవండి, చివర్లో కాదు. ఇంకో సలహా: జాబితా ఒక్కటే చదవకండి. 80 వాక్యాల్లో ప్రతిదాని కిందా అది ఏ పాత పత్రంలోంచి తీసిందో రాసి ఉంటుంది. పోపు 'ప్రగతితో, ఉదారవాదంతో, ఆధునిక నాగరికతతో' రాజీపడాలనే 80వ వాక్యాన్ని చూపించి అందరూ నవ్వుతారు. అది 1861 మార్చి నాటి ప్రసంగంలోంచి వచ్చింది. ఆ ప్రసంగం తెరిచి చూడండి. అక్కడ 'ఆధునిక నాగరికత' అని పోపుగారు దెప్పింది రైలుబండినీ టెలిగ్రాఫునీ కాదు. మఠాలని లాక్కుని, గురువులని జైళ్లలో పెట్టిన ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రభుత్వాన్ని.

#29 పాత_లాయరు
ఈ విషయంలో ఆయనతో ఏకీభవిస్తున్నాను. తర్వాత కార్డినల్ అయిన ఇంగ్లండు గురువు న్యూమన్ కూడా 1875లో ఇదే చెప్పాడు, ఆ జాబితా ఒక సూచిక మాత్రమే, మూలపత్రాలతో కలిపి చదవాలని. చదివాక 77వ వాక్యం దగ్గర మళ్లీ వాదించుకుందాం.